చదివి వినిపించగా

మా నాన్న దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట వేపచెట్టు కింద ఒక బల్ల, రెండు స్టూళ్లు, ఒక స్టాంపు ప్యాడ్. అదే ఆయన కచేరీ. చదువురాని రైతు పొలం తనఖా పెట్టడానికి వస్తే, రాసిందంతా పైకి చదివేవారు. సర్వే నంబరు, హద్దులు, సొమ్ము, గడువు. మధ్యలో ఆగి, "తూర్పున మీ తమ్ముడి చేనే కదా మావా?" అని అడిగేవారు. ఆ తర్వాతే బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దించేవారు. కాగితం చివర "చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన వేలిముద్ర" అని ఉండేది. బస్సు వెళ్లిపోతుందని ఎవరు తొందరపెట్టినా ఆ చదవడం మాత్రం ఆగేది కాదు.

ఇరాక్ యుద్ధం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ "చదివి వినిపించగా" అన్న మాటే గుర్తొస్తుంది.

2002 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభ 296-133తో, సెనేట్ 77-23తో ఆ యుద్ధానికి అధికారం ఇచ్చాయి. అంతకు కొద్దిరోజుల ముందే, సెనేటర్లు పట్టుబట్టగా, నిఘా సంస్థలు ఇరాక్ ఆయుధాలపై తొంభై పేజీలు దాటిన రహస్య అంచనా ఒకటి తయారుచేశాయి. సభ్యులెవరైనా కాపలా ఉన్న గదికి వెళ్లి దాన్ని చదువుకోవచ్చు. అయిదు పేజీల సారాంశం దాటి చదివిన సెనేటర్లు ఆరుగురికి మించరని 2004లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది.

సందేహాలు ఆ అంచనాలోనే ఉన్నాయి. ఇరాక్ కొనబోయిన అల్యూమినియం గొట్టాలు అణు కార్యక్రమం కోసం కాకపోవచ్చని ఇంధన శాఖ అభిప్రాయపడింది. అణ్వాయుధ ప్రయత్నం మళ్లీ మొదలైందనడానికి ఆధారాలు చాలవని విదేశాంగ శాఖ నిఘా విభాగం తన అసమ్మతిని అందులోనే నమోదు చేసింది. సెనేట్ నిఘా కమిటీ అధ్యక్షుడు బాబ్ గ్రాహం అది చదివారు. వద్దని ఓటేశారు.

2003 మార్చిలో బాంబులు పడ్డాయి. యుద్ధానికి కారణంగా చెప్పిన ఆయుధ నిల్వలు ఇరాక్‌లో లేవని 2004లో అమెరికా పంపిన తనిఖీ బృందమే తేల్చింది. అప్పటికి మొదలైన చావులు ఆగలేదు. నాలుగు వేల నాలుగు వందల మందికి పైగా అమెరికా సైనికులు, లక్షకు మించి ఇరాకీ పౌరులు పోయారు.

సందేహాన్ని దాచి నిశ్చయంగా చెప్పిన బుష్ ప్రభుత్వానిదే పెద్ద తప్పు. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఓటేసినవాళ్లు "మమ్మల్ని మోసగించారు" అన్నప్పుడు నా మనసు ఒప్పుకోదు. చదివి మోసపోయినవాడి బాధ వేరు. అక్షరం రాని రైతు మోసపోతే అయ్యో అంటాం. అక్షరాలన్నీ వచ్చి, చదివే అవకాశం ఉండి, ఆ గది గడప తొక్కనివాడు వేసిన ఓటును ఏమనాలి? అదీ వేలిముద్రే. పైగా తనఖా పడింది వాళ్ల పొలం కాదు, ఊరివాళ్ల పిల్లలు.

అంచనా తప్పిన ప్రతివాణ్ణీ దోషి అంటే రేపు నిర్ణయం తీసుకునేవాడే ఉండడని కొందరంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే నేను అడిగేది ఓటు తప్పిందా అని కాదు, వేసేముందు చదివారా అని. అప్పటి సెనేటర్లు కెర్రీ, బైడెన్, హిల్లరీ క్లింటన్ తమ ఓటు పొరపాటని తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మంచిదే. కానీ ఆ ఒప్పుకోలు ఏళ్లు గడిచాక వచ్చింది. చదవడానికి ఒక పూట చాలేది.

2005 జనవరి 30న ఇరాకీలు ఓటేసి, ఊదారంగు సిరా అంటిన వేళ్లు లోకానికి చూపించారు. మూడు రోజుల తర్వాత అధ్యక్షుడి ప్రసంగం వేళ, అమెరికా కాంగ్రెస్ సభ్యులు కొందరు తమ వేళ్లకూ ఆ రంగు పూసుకుని పైకెత్తారు. ఆ ఫొటో చూసి చాలాసేపు కదలలేకపోయాను. నాన్న ఉంటే, ముందు కాగితం చదివారా అని అడిగేవారు.

ఏ దేశంలోనైనా యుద్ధ తీర్మానం కింద ప్రతి పేరు పక్కనా ఒక్క మాట రాయించాలి: చదివాను, లేదా చదవలేదు. రెండో మాట రాయడానికి చెయ్యి రానివాళ్లు ఆ గదికి వెళ్తారు.