చివరి ఎకరం తడిస్తేనే ధర్మం

ఆకాశం నుంచి ధనం కురిస్తే లోకంలో లేమి ఉండదనిపిస్తుంది. ఆ వానను మన పూర్వులు రాతిలో చెక్కారు. జగ్గయ్యపేట దగ్గరి ధనంబోడు బౌద్ధ స్తూపాన్ని 1882లో పురావస్తువేత్త జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడి మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యెత్తి నిలుచుంటే మబ్బుల్లోంచి నాణేలు రాలుతున్నాయి.

జాతక కథలో ఆ సంపద మాంధాతకు చాలలేదు. స్వర్గానికి వెళ్లాడు. ఇంద్రుడు తన రాజ్యంలో సగమిచ్చాడు. అదీ చాలక, ఇంద్రుణ్ణి చంపి మొత్తం ఏలాలనుకున్నాడు. ఆ దురాశకు ముసలితనం కమ్మి, నేలకు జారి కన్నుమూశాడు.

మరి సంపదను ఎవరు, ఎప్పుడు పంచాలి? బౌద్ధ గ్రంథం దీఘనికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం సూటిగా చెబుతుంది. ఒక రాజు ప్రజలకు రక్షణ ఇచ్చాడు గాని పేదలకు ధనం అందించలేదు. పేదరికం ముదిరి దొంగతనం పుట్టింది. పట్టుబడ్డ దొంగకు డబ్బిచ్చి పంపితే, అది విని మరికొందరు దొంగతనానికి దిగారు. దొంగ తల నరికిస్తే, మిగతా దొంగలే కత్తులు పట్టారు. ఆలస్యపు దానమూ, కఠిన శిక్షా రెండూ అక్కరకు రాలేదు. అందుకే అదే గ్రంథంలోని కూటదంత సుత్తంలో, మహాయాగం తలపెట్టిన రాజుకు పురోహితుడు ముందు చేయాల్సిన పని చెప్పాడు: సేద్యగాడికి విత్తనం, వ్యాపారికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వమన్నాడు.

అందరికన్నా అడుగునున్నవాడికి మేలు చేసే అసమానతే న్యాయమని అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో వాదించాడు. నందిగామ, జగ్గయ్యపేట రైతులకు ఈ కొలత బాగా తెలుసు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూములు వాళ్లవి. ఎగువన నీళ్లు పొర్లితే చాలదు, చివరి ఎకరం తడవాలి. సంపదకూ అదే పరీక్ష.

ధనంబోడులోనే ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు శాసనం దొరికింది. అందులో, స్తూపం తూర్పు ద్వారం దగ్గర ఐదు రాతి స్తంభాలు (ఆయక స్తంభాలు) నిలిపినవాడు సిద్ధార్థుడనే చేతిపనివాడని ఉంది. సకల ప్రాణుల హితసుఖాల కోసమే ఇచ్చానని చెక్కించాడు. మాంధాతకు దక్కని తృప్తి ఇలాంటి ఈవిలో ఉంది.

మిరప కోతలకు వచ్చిన కూలీకి సాయంత్రానికే కూలి చేతిలో పెడదాం. పంట పోయిన ఏడు కౌలుదారుకు కౌలు తగ్గిద్దాం. చెయ్యి చాచే అవసరం రాకముందే అందించడమే ధర్మం.