దేవుడి కంటే ఎక్కువగా

దేవుడి కంటే మిమ్మల్నే ఎక్కువ ప్రేమించానని ఒక ఫాదర్ తన శిష్యులకు వీలునామాలో రాస్తే, అది పాపమా? ఇటలీలో ఫాదర్ లొరెంజో మిలానీ అలాగే రాశారు.

1954లో ఆయన్ని బార్బియానా అనే కొండపల్లెకు విచారణ గురువుగా పంపించారు. పంపించారనడం మర్యాద కోసం, వదిలించుకున్నారు! బడి వద్దనుకున్న రైతుల పిల్లలకు అక్కడ, సెలవన్నది లేకుండా, చదువు చెప్పారాయన. తమను ఫెయిల్ చేసిన పంతులమ్మకు ఆ కుర్రాళ్ళు రాసిన ఉత్తరం 1967లో పుస్తకమైంది. ఆ జూన్‌లోనే, 44 ఏళ్ళకే, ఆయన పోయారు.

నన్నడిగితే పాపం కాదు. పూజలో కూర్చున్నా చెవి ఉయ్యాల మీదే ఉండే తల్లులకు ఈ మాట వేరే చెప్పాలా? అందర్నీ సమానంగా ప్రేమిస్తామనేవాళ్ళంటేనే నాకు అనుమానం. దేవుడు ఇదంతా తన ఖాతాలోనే జమ కట్టుకుంటాడని ఆయన ఆశ.

2017లో పోప్ ఫ్రాన్సిస్ బార్బియానా వెళ్ళి ఆ సమాధి దగ్గర ప్రార్థించారు. తలలు నెరిసిన ఆనాటి శిష్యులూ వచ్చారు.