గోడబొమ్మకు లెక్కెందుకు?

చేవెళ్ల నుంచి మొయినాబాదు దాకా గోడలమీది రాతలను దారినపోయే ప్రతివాడూ చదువుతాడు, కొనేవాడెవడూ లేడు. గోడకళకున్న నీతి అదే. ఆ కళ లెక్కపెట్టిన ప్రతులుగా చిత్రశాలల్లో అమ్ముడుపోతున్నప్పుడు ఆ నీతి ఏమవుతోందన్నదే నా ప్రశ్న.

చేజారిన బెలూనుకు చేయిచాచిన బాలికను బ్యాంక్సీ 2002లో లండన్ గోడలమీద చిత్రించాడు. 2004లో ఆ బొమ్మనే సిల్కుతెరతో అచ్చువేసి, సంతకంతో 150, సంతకం లేకుండా 600 ప్రతులకు ఆపారు. మన లక్ష్మాగౌడ్ లోహపు రేకును ఆమ్లంతో తొలిచి తీసే ప్రతులకు హద్దుండడం సహజం: ఒత్తినకొద్దీ గీత అరిగిపోతుంది. వేలాది ప్రతులు తీయగల తెరను వందల దగ్గర ఆపేది మాత్రం బజారే. అక్కడ కొనేవాడు, ఆ బొమ్మ ఇతరులకు దక్కకపోవడానికి వెల చెల్లిస్తున్నాడు.

చిత్రకారుడు బతకొద్దా అని నా విద్యార్థులు అడుగుతారు. బతకాలి, శ్రమకు ప్రతిఫలం ముట్టాలి. కాని కొరతకు పలికే ధర వేరు. ప్రతి చేతులు మారినకొద్దీ పెరిగే లాభం ఎక్కువగా అమ్మకందారుకే పోతుంది. 1986లో కీత్ హేరింగ్ న్యూయార్కులో దుకాణం తెరిచి, తన బొమ్మలున్న వస్తువులను సామాన్యుడికి అందే ధరకు అమ్మాడు. కనుక వేరే దారి లేదనడం చెల్లదు.

అచ్చు పుట్టింది పంచడానికి. పంచగలిగీ దాచడాన్ని కళ పేరుతో సమర్థించలేం.