సీతమ్మ అడిగిన ఆనవాలు



పోయిన నెల నాన్నకి ఒక వీడియో కాల్ వచ్చింది. పోలీసు యూనిఫాంలో ఉన్నవాడు, "మీ ఆధార్ మీద కేసుంది, మీరు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు, ఎవరికీ చెప్పొద్దు" అన్నాడట. నాన్న గంటన్నర గదిలోంచి బయటికి రాలేదు. డబ్బు పంపబోతుంటే అమ్మ తలుపు కొట్టింది కాబట్టి సరిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తూ కూడా ఇలాంటి మోసాల గురించి ఇంట్లో ఒక్కసారీ చెప్పలేదు నేను. ఆ తప్పు నాదే.

ఆ రాత్రి సుందరకాండ గుర్తొచ్చింది. సన్యాసి వేషంలో వచ్చిన రావణుణ్ణి నమ్మి ఆతిథ్యమిచ్చింది సీతమ్మ. అందుకే అశోకవనంలో హనుమంతుడు రామదూతనంటే వెంటనే నమ్మలేదు. ఇదీ రావణుడి మాయేనేమో అనుకుంది. రాముడి గుర్తులు చెప్పమంది. స్వామి కోప్పడలేదు. ఓపిగ్గా అన్నీ చెప్పి, ఆపైన ఉంగరం ఇచ్చాడు.

తేడా అక్కడే ఉంది. నిజమైనవాడు ఆనవాలు చూపిస్తాడు. దొంగ భయపెడతాడు, తొందరపెడతాడు.

మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. బ్యాంకు పేరుతో ఫోనొస్తే కట్ చేసి, కార్డు వెనకున్న నంబరుకి మీరే చెయ్యండి. డబ్బు పోతే సిగ్గుపడి ఆగకండి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

అనుమానించడం పాపం కాదు. సాక్షాత్తూ సీతమ్మే ఆనవాలు అడిగింది. ఈరోజే అమ్మానాన్నలకి ఈ కథ చెప్పండి.