ప్రతిపాదకురాలి సంతకం

ఒక స్త్రీ ఎన్నికల్లో నిలబడితే స్త్రీవాదులుగా మనం ఆమెను బలపరచాలా? అవుననడం తేలిక. కానీ ఆమె నిలబడేది పదిమంది డబ్బు మీద అధికారం ఉండే పదవికైతే, ఆ ‘అవును’తో మనం దేనికి ఒప్పుకుంటున్నట్టు?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఖజానా అధికారిని ప్రజలే ఎన్నుకుంటారు. అంతకుముందు జరిగే ప్రైమరీ ఎన్నికల్లోనే సంఘాలు, పత్రికలు ఫలానా అభ్యర్థికి మా మద్దతు అని ప్రకటిస్తుంటాయి. మన ఆర్థికమంత్రిని ఆ పదవికి మనం ఎన్నుకోం. మండలాధ్యక్షురాలినీ, మున్సిపల్ ఛైర్‌పర్సన్‌నీ ఎన్నుకునేది సభ్యులు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాధనానికి జవాబు చెప్పాల్సిన మనిషిని ఆ పదవికే ఓటరు నేరుగా ఎన్నుకునేది గ్రామపంచాయతీలో. అందుకే ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కాక, నాకు ఓటున్న ఉప్మాకలో ఎదురైంది.

గరుడాద్రి వెంకన్న ఊరిది. అక్కడ ఏళ్ల తరబడి పొదుపు సంఘం పుస్తకాలు రాస్తున్న ఒకామె నన్నడిగింది: “ఈపాలి సీటు ఆడోలకొస్తే నిలబడదారనుకుంతన్నాను పాపా. కాయితం మీద సంతకం నువ్వెడతావేటి?” సర్పంచి నామినేషన్ మీద ప్రతిపాదించే మనిషి ఆ పంచాయతీ ఓటరై ఉండాలి. నగరం నుంచి ఎంతమంది రచయిత్రులు ప్రకటన ఇచ్చినా ఆ గడిలో పనికిరాదు. ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదని నాకు తెలుసు. ఆమె భర్త చిన్నచిన్న కాంట్రాక్టు పనులు చేస్తాడనీ తెలుసు. రేపు పంచాయతీలో సంతకం ఆమెది, బిల్లు ఆయనది కావచ్చు.

ఆ ఒక్క కారణంతో కాదనడం న్యాయమా? 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి మూడోవంతు స్థానాలిచ్చింది. మన రాష్ట్రంలో 2013 పంచాయతీ ఎన్నికల నాటికి అది సగమైంది. దానితోపాటే ‘సర్పంచి భర్త’ అనే మాట ఊరూరా వెటకారమైంది. కానీ మగ సర్పంచి వెనక ఉన్న చేతులకు అలాంటి పేరేదీ లేదు. పార్టీరహిత ఎన్నికలంటూనే ‘ఫలానా పార్టీ మద్దతుదారు గెలుపు’ అని పేపర్లో చదువుతాం. కులపెద్దలు, కాంట్రాక్టర్లు నిలబెట్టిన మగవాడిని నీ సంతకం నీదేనా అని ఎవరూ అడగరు. స్వతంత్రతకు రుజువులు తెమ్మని ఆడవాళ్లనే అడిగితే, అది పితృస్వామ్యం వేసే ప్రశ్నే.

అలాగని ప్రశ్నే వద్దంటే? పంచాయతీ డబ్బు ఆమెదీ కాదు, నాదీ కాదు. కుళాయి రాని వీధిలో బిందె మోసేదీ ఆడమనిషే. ఆమెకు చెందాల్సింది పణంగా పెట్టి నేను చూపించే సోదరీత్వం నా ఔదార్యం ఎలా అవుతుంది?

ఉప్మాకకు దగ్గర్లోని ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ ‘కన్యాశుల్కం’లో సౌజన్యారావు పంతులు గిరీశాన్ని నమ్ముతాడు. గిరీశం బాగా మాట్లాడతాడు, సంస్కరణ భాష వాడికి కంఠతా వచ్చు. వాడెవడో పంతులికి చెప్పింది, లోకం మాటకు విలువివ్వని మధురవాణి. మన భాష మాట్లాడేవాళ్లను బలపరచడం మనకూ అలవాటే. ‘సాధికారత’ అనే మాట పలకరాని పుస్తకాలు రాసే మనిషి అప్పుడు మన కంటికి ఆనదు.

అసలు అడగకుండానే ఊరంతా బలపరచడానికి మనకు ఏకగ్రీవమనే పద్ధతుంది. 2021లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా దానికి ప్రోత్సాహకం ప్రకటించారు. ఊరి మంచికే అన్నారు. కానీ ఆ మౌనం ఎవరెవరి నోళ్లు మూస్తే వచ్చిందో ఆ మొత్తంలో కనబడదు.

నాకు దారి చూపింది పొదుపు సంఘమే. అక్కడ బ్యాంకు అప్పు సంఘానికిస్తుంది. ఒకామె కట్టకపోతే ఆ బరువు మిగతావాళ్ల మీద పడుతుంది. అందుకే తీర్మానం మీద సంతకం పెట్టేముందు అందరూ అడుగుతారు: ఎందుకు తీసుకుంటున్నావు, ఎలా కడతావు, మీ ఆయనకిస్తావా? దాన్నెవరూ అవమానమనుకోరు. వాళ్లకది పూచీ. మద్దతును నేనూ అలాగే చూడాలనుకుంటున్నాను. పూచీ పడే మనిషికి ముందు అడిగే హక్కు ఉంటుంది, తర్వాత అంటిపెట్టుకుని ఉండే బాధ్యతా ఉంటుంది. పంచాయతీ లెక్కలు గ్రామసభ ముందు పెట్టాలని చట్టం ఉంది. ఆ సభలో కూర్చోని ప్రతిపాదకురాలి సంతకానికి విలువేముంది?

ఆమె చేతిలో ఏముందో, ఏది లేదో కూడా నేను తెలుసుకోవాలి. ఆర్థిక సంఘం నిధుల్ని విద్యుత్ బకాయిల కింద మళ్లించారని 2021లో ఎన్నికైన సర్పంచులే రోడ్డెక్కారు. పైన తెగిన తాడుకు కిందనున్న ఆడమనిషిని దోషిని చేయడం పూచీ కాదు.

సంతకం పెడతానన్నాను. ఆ అయిదేళ్లూ మీ ఆయన పంచాయతీ పనులు పట్టకూడదు, ఆ మాట నామినేషన్‌కు ముందే సంఘంలో చెప్పాలి అన్నాను. “మగోడు నిలబడినా ఇలాగే అడుగుతావేటి?” అంది. అడుగుతానన్నాను. ఆమె ఇంట్లో మాట్లాడాలంది. కాంట్రాక్టు పనులు మానితే ఆ ఇంటికి వచ్చే రాబడిలో కొంత పోతుంది. నాకు పోయేదేమీ లేదు. నా షరతులోని ఈ అసమానతకు నా దగ్గర సమాధానం లేదు. అయినా దాన్ని వెనక్కి తీసుకోలేను.