45 డెసిబెల్స్

రెండు ఉద్యోగాల మధ్య దొరికిన ఖాళీలో పదిహేను రోజులు బెంగళూరు జయనగర్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో ఉన్నాను. 1948లో శంకుస్థాపన చేసి, ప్లాన్ ప్రకారం కట్టిన ఏరియా అది. చెట్ల నీడ పడే అడ్డరోడ్లు. రాత్రి తొమ్మిది దాటితే ఎక్కడో ఒక కుక్క అరవడం తప్ప ఏమీ వినపడదు. మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది కోడుమూరు, మగ్గమున్న ఇల్లు. ఆ చప్పుడులోనే పడుకునేవాళ్ళం, అది ఆగితేనే మెలకువ వచ్చేది. ఆగిందంటే నూలు అయిపోయినట్టు, పని లేనట్టు. నిశ్శబ్దం అంటే మా ఇంట్లో భయం.

మూడు రోజులకి జయనగర్ అలవాటైంది. వారానికి ఆ నిశ్శబ్దం నా హక్కు అనిపించడం మొదలైంది.

పక్కన పాత ఇల్లు కూల్చి కొత్తది కడుతున్నారు. అక్కడి రేకుల షెడ్డులోంచి రోజూ రాత్రి పదిన్నరకి ఒకాయన ఫోన్లో అరుస్తూ మాట్లాడతాడు. "మీ భాషవాళ్ళే, నువ్వు చెబితే వింటారు" అన్నాడు ఫ్రెండ్. వెళ్ళాను.

"ఏ ఊరన్నా మీది?"

"కోడుమూరు పక్కన సార్."

"మాదీ కోడుమూరే."

"మనోడివేనా నాయనా! కూచో" అంటూ సిమెంటు బస్తా దులిపాడు.

సుగ్గికి వచ్చారట. పడమటి కర్నూలులో పనుల్లేని కాలంలో ఊళ్ళు ఖాళీ చేసి పోవడాన్ని సుగ్గి అంటాం. కొందరు గుంటూరు మిరప కోతలకి పోతారు, కొందరు ఇట్లా బేల్దారి పనికి బెంగళూరు వస్తారు. పిల్లలిద్దరూ ఊళ్ళో అవ్వ దగ్గర. "ఆయమ్మకు చెవుడు. అరిస్తే గానీ ఇనపడదు" అన్నాడు.

అప్పుడైనా ఊరికే లేచి రావొచ్చు. వచ్చిన పని చెప్పాను.

"అట్లే సార్. ఇంక సప్పుడు చెయ్యంలే."

నాయనా పోయి మళ్ళీ సార్ వచ్చింది.

చట్టం నా వైపే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. పగలైతే 55. పక్క సైటులో టైల్స్ కోసే మిషను ఆ 55ని రోజూ దాటుతూనే ఉంది. దాని గురించి నేను గానీ, మా వీధిలో ఇంకెవరు గానీ వెళ్ళి అడగలేదు. అంటే ఆయన పని చప్పుడు మాకు పర్లేదు. ఆయన బతుకు చప్పుడే ఇబ్బంది.

షోపెన్‌హావర్ 1851లో చప్పుడు మీద ఒక వ్యాసం అచ్చేశాడు. బండివాళ్ళ కొరడా మోత ఆలోచనల్ని తెంపేస్తుందని ఆయన కోపం. ఆ బాధ అబద్ధమని నేను అనను. నిద్ర ఎవరికైనా కావాలి, నిశ్శబ్దాన్ని కోరుకోవడం తప్పేమీ కాదు. కానీ దాని ఖర్చు ఎవరి మీద పడుతోందో చూసుకోవాలి కదా. కిటికీ మూసుకుంటే నాకు కాస్త ఉక్కపోసేది, అంతే. ఆయన గొంతు తగ్గిస్తే పోయేది పిల్లలతో మాట. ఈ లెక్క వేయడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఆయన ఎదురుగా కూచున్నప్పుడు కూడా నేను ఆ లెక్క వేయలేదు.

ఆ తర్వాత నేనున్నన్ని రోజులూ షెడ్డు వైపు నుంచి మాట వినపడలేదు. ఫోన్ చేయడమే మానేశాడా, వీధి చివరికి పోయి చేస్తున్నాడా, నేను వెళ్ళి కనుక్కోలేదు.

బాగా నిద్రపోయాను. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే.