మేక విలువెంత?

మా కరీంనగర్ అరుగుల మీద ఆడుకున్న పులి-మేకలో 3 పులులకి 15 మేకలు. ఆట సమంగా నడవాలంటే ఒక పులికి 5 మేకలన్నమాట. బల్లమీద చిన్న బొమ్మలతో ఆడే రోమన్-జర్మానిక్ యుద్ధాల్లోనూ ఇదే లెక్క. ప్రతి బొమ్మకీ పాయింట్లుంటాయి. చాలా ఆటల్లో కవచం తొడిగిన రోమన్ సైనికుడికి ఎక్కువ, డాలూ ఈటే పట్టిన తెగవాడికి తక్కువ. ఆటగాళ్ళిద్దరిలో ఎవరికీ అన్యాయం జరగకూడదు కదా!

నా పేచీ ఆటతో కాదు. పులిని కట్టెయ్యడానికి నేనూ మేకల్ని ఎరవేసేదాన్నే. బల్లమీద లేనివాళ్ళ గురించే నా ఆలోచనంతా. క్రీ.శ. 376లో డాన్యూబ్ దాటిన గోతుల వెంట ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. ఆకలితో అల్లాడుతున్న వాళ్ళకి రోమన్ అధికారులు తినడానికి కుక్కల్నిచ్చి, కుక్కకో మనిషి చొప్పున బానిసలుగా తీసుకున్నారని ఆ కాలపు చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. అలా పోయినవాళ్ళలో తెగపెద్దల పిల్లలూ ఉన్నారట. 378లో ఏడ్రియనోపుల్ యుద్ధం. ఆట మొదలయ్యేది అక్కణ్ణుంచే.

మనమూ అంకెలతోనే గుర్తుపెట్టుకుంటాం. 1860లో నిర్మల్‌లో రాంజీ గోండుతో పాటు వెయ్యిమందిని మర్రిచెట్టుకి ఉరితీశారని ఉమ్మడి ఆదిలాబాద్ అంతా చెప్పుకుంటుంది. వెయ్యి ఉరుల మర్రి అని దానికి పేరు. ఆ వెయ్యిమందికీ వండిపెట్టిన చేతులెవరివో, మర్నాడు గూడేల్లో పొయ్యి ఎవరు వెలిగించారో నేను చదివిన వాటిలో ఎక్కడా కనపడలేదు.